పెన్షన్ దయా? హక్కా? – ఒక తేదీ చుట్టూ నలభై ఏళ్ళ కథ

మనం జాతకాలను నమ్మం. పుట్టిన తేదీని బట్టి మనిషి బతుకు నిర్ణయమవుతుందని ఎవరైనా అంటే రుజువు చూపించమంటాం. అయితే మన దేశంలో పుట్టిన తేదీకి నిజంగానే అంత శక్తి ఉన్న చోటు ఒకటుంది. అది పెన్షన్ ఆఫీసు. పుట్టిన తేదీని బట్టి ప్రభుత్వోద్యోగి రిటైరయ్యే తేదీ వస్తుంది. రిటైరైన తేదీని బట్టి చివరిదాకా ఎంత పెన్షన్ వస్తుందో తేలుతుంది. ఇందులో గ్రహాల ప్రమేయం ఏమీ లేదు. ఆ తేదీని ప్రభుత్వమే పెట్టింది. ఆ తేదీయే ఎందుకు అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు దొరకదు.

మేముండే ఢిల్లీ మయూర్ విహార్‌లో డీడీఏ ఇళ్ళూ, ఉద్యోగులూ పాత్రికేయులూ వకీళ్ళూ కలిసి కట్టుకున్న సొసైటీలూ ఎక్కువ. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. సీజీహెచ్ఎస్ డిస్పెన్సరీ దగ్గరా, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుల దగ్గరా రెండు మాటలు తరచు వినపడతాయి. ఒకటి, "మనం 2006కి ముందువాళ్ళం కదండీ." రెండోది, "గవర్నమెంటు ఇచ్చినంత తీసుకోవాలి, ఏం చేస్తాం." ఈ రెండు మాటలకూ చరిత్ర ఉంది. ఈ వ్యాసం ఆ చరిత్ర గురించే.

ముందే ఒక మాట చెప్పాలి. మన దేశంలో పెన్షన్‌ను నేరుగా "ఇవాళ్టి నుంచి ఇంత తగ్గిస్తున్నాం" అని తగ్గించడం అరుదు. మూడు పద్ధతుల్లో తగ్గిస్తారు. ఒక తేదీ గీసి కొందరిని అవతల వదిలేయడం మొదటిది. ఒక మాటకు అర్థం మార్చి కొందరిని అనర్హుల్ని చేయడం రెండోది. ఇవ్వాల్సింది ఆపి ఉంచడం మూడోది. మూడింటి వెనకా ఉన్నది ఒకే పాత నమ్మకం: పెన్షన్ అంటే ప్రభువు దయ.

దయ ఎక్కడ నుంచి వచ్చింది?

ఈ నమ్మకం ఊరికే రాలేదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో పనికిరాకుండా పోయిన సైనికులకూ, చనిపోయినవాళ్ళ భార్యలకూ సాయం చేయడానికి 1770లో క్లైవ్ పేరు మీద ఒక నిధి పెట్టారు. దాని మూలధనం బెంగాల్ నవాబు మీర్ జాఫర్ క్లైవ్‌కు వీలునామాగా వదిలిన 5 లక్షల రూపాయలు. కాలో చెయ్యో పోగొట్టుకున్న సిపాయి సొంత హక్కుగా అడిగేది ఏమీ లేదు. నవాబు ఇచ్చాడు, క్లైవ్ దానం చేశాడు, అతను తీసుకున్నాడు.

తర్వాత 1871లో పెన్షన్ల చట్టం వచ్చింది. అప్పట్లో పెన్షన్ అంటే ఉద్యోగులకిచ్చేదే కాదు. రాజ్యం పోయిన రాజులకూ, వాళ్ళ వారసులకూ రాజకీయ కారణాలతో ఇచ్చే భత్యం కూడా అదే మాట కిందికి వచ్చేది. ఆ చట్టం 4వ సెక్షను ప్రకారం పెన్షన్ గురించి సివిల్ కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. కలెక్టరు ధ్రువపత్రం ఇస్తే తప్ప కోర్టు వినదు. దయకు దావా ఉండదు కదా!

స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది. కానీ ప్రభుత్వ వకీళ్ళు కోర్టుల్లో అదే వాదన వినిపిస్తూ వచ్చారు. 1971లో దేవకీనందన్ ప్రసాద్ అనే బీహార్ విద్యాశాఖ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. పెన్షన్ ప్రభుత్వం ఇష్టపడి ఇచ్చేది కాదనీ, నిబంధనల ప్రకారం ఉద్యోగికి వచ్చే ఆస్తి హక్కనీ చెప్పింది. ఆ తీర్పు నిలబడింది అప్పటి ప్రాథమిక హక్కయిన ఆస్తి హక్కు మీద. 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయింది. దాంతో తర్వాత వచ్చిన పెద్ద కేసు వేరే పునాది వెతుక్కోవలసి వచ్చింది.

31-3-1979

1979 మే 25న కేంద్ర ఆర్థిక శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెన్షన్ లెక్కకట్టే సూత్రాన్ని ఉదారం చేసింది. సగటు జీతంలో మొదటి 1000 రూపాయల మీద 50 శాతం, తర్వాతి 500 మీద 45 శాతం, మిగతాదాని మీద 40 శాతం. గరిష్ఠ పరిమితి నెలకు 1500 రూపాయలు. పాత లెక్కకంటే ఇది మేలు. కానీ ఒక షరతు ఉంది. 1979 మార్చి 31న సర్వీసులో ఉండి, ఆ రోజున గానీ ఆ తర్వాత గానీ రిటైరయ్యేవాళ్ళకే ఇది వర్తిస్తుంది.

దీని ఫలితం ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. అప్పట్లో రిటైర్మెంటు వయసు 58. పుట్టిన రోజు ఏ నెలలో వస్తే ఆ నెలాఖరున రిటైరవుతారు. ఒకతను 1921 ఫిబ్రవరి 28న పుట్టాడనుకోండి. ఇంకొకతను మార్చి 2న పుట్టాడు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే జీతం, ఒకే పని. మొదటివాడు 1979 ఫిబ్రవరి 28న రిటైరవుతాడు. రెండోవాడు మార్చి 31న. పుట్టుకలో రెండు రోజుల తేడా వల్ల మొదటివాడు బతికినంత కాలం తక్కువ పెన్షన్ తీసుకోవాలి. ఆకలికీ, మందుల ధరకూ ఈ తేడా తెలియదు.

ఈ ఉత్తర్వును సవాలు చేసింది డి.ఎస్. నకారా. రక్షణ శాఖ ఖాతాల సర్వీసులో పనిచేసి 1972లో రిటైరైన అధికారి. రెండో పిటిషనరు సైన్యంలో పనిచేసినవారు. మూడోది హెచ్.డి. శౌరి పెట్టిన 'కామన్ కాజ్' అనే సంస్థ. అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం విన్నది. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్, వి.డి. తుల్జాపుర్కర్, డి.ఎ. దేశాయ్, ఓ. చిన్నపరెడ్డి, బహరుల్ ఇస్లాం. తీర్పు రాసినది దేశాయ్. తెలుగువారైన చిన్నపరెడ్డిని మనవాళ్ళు ఇంకో తీర్పుకు గుర్తుపెట్టుకుంటారు. జాతీయగీతం పాడనన్న కేరళ పిల్లలను బడిలోంచి వెళ్ళగొట్టడం తప్పని 1986లో చెప్పింది ఆయనే.

1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. కోర్టు వాడిన కొలబద్ద రాజ్యాంగం 14వ అధికరణం. మనుషులను రెండు గుంపులుగా విడదీస్తే రెండు ప్రశ్నలకు జవాబు ఉండాలి. ఆ తేడా అర్థమయ్యే తేడాయేనా? ఆ తేడాకూ, సాధించదలచిన ఉద్దేశానికీ హేతుబద్ధమైన సంబంధం ఉందా? ముసలితనంలో ధరల పెరుగుదల నుంచి కాపాడడం ఉద్దేశమైతే, ముందు రిటైరైనవాడు ఇంకా ముసలివాడు, అతని అవసరం ఇంకా ఎక్కువ. అతన్ని వదిలేయడానికి కారణం ఏమిటి? ప్రభుత్వం దగ్గర ఖర్చు గురించిన వాదన ఉంది గానీ ఆ తేదీని సమర్థించే కారణం లేదు. కోర్టు ఉత్తర్వును కొట్టేయలేదు. అందులో జనాన్ని విడదీసే మాటలను మాత్రం తీసేసింది. కొత్త సూత్రం పాతవాళ్ళకూ వర్తిస్తుంది, కానీ ఆ తేదీకి ముందు కాలానికి బకాయిలు ఉండవు అంది.

అందుకే డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుతారు. శాలువాలు కప్పుకుంటారు, ఉపన్యాసాలు ఇస్తారు. ఆ తీర్పులో అసలు విషయం దయాగుణం కాదని, కారణం చెప్పమని ప్రభుత్వాన్ని అడగడమని గుర్తుచేసేవాళ్ళు కొద్దిమందే.

తీర్పు తర్వాత

నకారా తీర్పు అన్నిటికీ మందు కాలేదు. 1990లో కృష్ణకుమార్ అనే రైల్వే ఉద్యోగి కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం దాని పరిధిని తగ్గించింది. పెన్షన్ వద్దని ప్రావిడెంటు ఫండు ఎంచుకున్నవాళ్ళు వేరే వర్గం, వాళ్ళకు నకారా సూత్రం వర్తించదు అంది. ఇందులో కొంత న్యాయం ఉంది. ఒకరు నెలనెలా తీసుకుంటారు, ఇంకొకరు మొత్తం ఒకేసారి తీసుకుని వెళ్ళిపోతారు. తేడాకు కారణం చూపగలిగినచోట తేడా తప్పు కాదు.

అన్ని గీతలకూ అలాంటి కారణం ఉండదు. కేంద్రంలో 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్ళకు పాత పెన్షన్ పోయి ఎన్‌పీఎస్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ తేదీ 2004 సెప్టెంబరు 1. రెండు తెలుగు రాష్ట్రాల ఉపాధ్యాయులకు 2003 డీఎస్సీ కథ తెలిసిందే. పాత పెన్షన్ ఉన్న రోజుల్లో నోటిఫికేషన్ ఇచ్చారు, పరీక్ష పెట్టారు. నియామకాలు ఆలస్యమై గీత దాటాక చేరారు. ఆలస్యం చేసింది ప్రభుత్వం, పెన్షన్ పోయింది ఉపాధ్యాయులకు. ఇలాంటి కేంద్ర ఉద్యోగులకు మాత్రం 2023 మార్చిలో దారి చూపారు. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవాళ్ళు పాత పెన్షన్ కోరుకోవచ్చన్నారు. అంటే ఆ గీత కదలనిదేమీ కాదన్నమాట.

ఇంక్రిమెంటు సంగతి ఇంకా విచిత్రం. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్రంలో అందరికీ జులై 1న ఇంక్రిమెంటు ఉండేది. జూన్ 30న రిటైరైనవాడు ఏడాదంతా పనిచేసినా ఒక్క రోజు తేడాతో ఇంక్రిమెంటు పోయేది, దాంతో పెన్షన్ తగ్గేది. 2023 ఏప్రిల్ 11న కర్ణాటక విద్యుత్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ ఇంక్రిమెంటు పని చేసినందుకు వచ్చేదే గాని, మర్నాడు ఉద్యోగంలో ఉన్నందుకు కాదని తేల్చింది.

అవయవం పోయినవాడికి అర్థాలు చెప్పడం

రెండో పద్ధతి, మాటకు అర్థం మార్చడం. దీని దెబ్బ ఎక్కువగా తగిలేది ఉద్యోగంలో ఉండగా వికలాంగులైనవాళ్ళకు.

చాలా కాలం కేంద్ర పెన్షన్ నిబంధనల్లో, ఆరోగ్యం చెడి ఉద్యోగం చేయలేనివాడికి పదేళ్ళ సర్వీసు లేకపోతే నెలనెలా పెన్షన్ లేదు. ఒక్కసారి గ్రాట్యుటీ ఇచ్చి పంపేసేవాళ్ళు. తొమ్మిదేళ్ళు పనిచేసి చూపు పోయినవాడికీ, పదకొండేళ్ళు పనిచేసి చూపు పోయినవాడికీ చీకటి ఒకటే. ఈ షరతు 2019 జనవరిలో పోయింది.

కునాల్ సింగ్ ఒక కానిస్టేబుల్. కాలు తీసేయవలసి వచ్చింది. ఇన్వాలిడ్ పెన్షన్ ఇచ్చి ఇంటికి పంపారు. 1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షను ఉద్యోగంలో వికలాంగుడైనవాణ్ణి తీసేయకూడదు, వేరే పని ఇవ్వాలి అంటుంది. పెన్షన్ తీసుకుంటున్నాడు కదా, ఇక హక్కేమిటని ప్రభుత్వం వాదించింది. 2003లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చిన్న పెన్షన్ చేతిలో పెట్టి పెద్ద హక్కును లాక్కోవడం కుదరదని ఆ తీర్పు సారాంశం.

సైన్యంలో తిరకాసు ఇంకోటి. వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా అన్నదాని మీద వికలాంగ పెన్షన్ ఆధారపడుతుంది. ధరమ్‌వీర్ సింగ్ 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరాడు. మూర్ఛ వచ్చింది. 20 శాతం వైకల్యమని 1994లో పంపేశారు. పుట్టుకతో వచ్చే తత్వమని మెడికల్ బోర్డు రాసింది, కారణం మాత్రం రాయలేదు. పెన్షన్ ఇవ్వలేదు. 2013లో సుప్రీంకోర్టు అడిగింది మనం రోజూ అడిగే ప్రశ్నే: రుజువు ఎవరు చూపాలి? చేర్చుకునేటప్పుడు పరీక్షించి ఆరోగ్యవంతుడని రాసింది మీరు. అప్పుడు జబ్బు ఉన్నట్టు రాయలేదు. కాబట్టి సర్వీసుకు సంబంధం లేదని అంటే ఆ రుజువు భారం మీదే, సిపాయిది కాదు. హేతువాదులు దేవుడి విషయంలో చెప్పే మాటే ఇది. ఉందని అనేవాడే రుజువు చూపాలి.

ఆపి ఉంచడం

మూడో పద్ధతి తెలుగువాళ్ళకు బాగా తెలుసు. కరోనా మొదలైనప్పుడు 2020 మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీ.వో. 26తో జీతాల్లో, పెన్షన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. అంతకు ముందు రోజే తెలంగాణ అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. అక్కడ ప్రశ్న హైకోర్టుకు చేరాక జూన్‌లో ఏకంగా ఆర్డినెన్సు తెచ్చింది. ముందు కోత, తర్వాత చట్టం!

ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్డ్ జిల్లా జడ్జి దినవహి లక్ష్మీకామేశ్వరి ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2020 ఆగస్టు 11న హైకోర్టు ఆపిన మొత్తం 12 శాతం వడ్డీతో ఇమ్మంది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గాని, వడ్డీ ఇవ్వక తప్పదంది. దయగా ఇచ్చేదానికి ఆలస్యమైతే వడ్డీ ఉండదు, అప్పుకే ఉంటుంది. నా లెక్కలో ఆ 6 శాతం చాలా పెద్ద మాట.

కేంద్రం చేసింది వేరు. 2020 ఏప్రిల్ 23న మూడు విడతల కరువు భత్యాన్నీ, పెన్షనర్ల కరువు ఉపశమనాన్నీ ఆపింది. 18 నెలలు 17 శాతం దగ్గరే ఉంచి, 2021 జులై 1 నుంచి 28 శాతం చేసింది. మధ్యకాలపు బకాయిలు ఇవ్వలేదు. మిగిలింది 34,402 కోట్లని పార్లమెంటుకు చెప్పింది. ఆ 18 నెలల్లో చనిపోయిన పెన్షనర్లకు ఆ పెంపు ఎప్పటికీ అందదు.

పెన్షనర్ల లెక్కనూ పరీక్షించాలి

ఒక వైపు మాట మాత్రమే చూస్తే హేతువాదం కాదు. కమ్యుటేషన్ విషయంలో పెన్షనర్లు చెప్పే లెక్కనూ చూద్దాం. పెన్షన్‌లో 40 శాతం దాకా ముందే ఒకేసారి తీసుకోవచ్చు. ఆ మేరకు నెలనెలా తగ్గుతుంది. ఒకప్పుడు ఈ కోత చచ్చేదాకా సాగేది. 'కామన్ కాజ్' వేసిన కేసులో 1986లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 15 ఏళ్ళకు పూర్తి పెన్షన్ తిరిగి ఇస్తున్నారు.

40,000 పెన్షన్‌లో 16,000 అమ్ముకున్నవాడికి, 60 ఏళ్ళకు రిటైరైతే, కేంద్రం పట్టిక ప్రకారం వచ్చేది 15,73,248 రూపాయలు. 15 ఏళ్ళలో కోసేది 28,80,000. "దాదాపు రెట్టింపు గుంజుతున్నారు" అంటారు. వడ్డీ మరిచిపోతే అలాగే కనిపిస్తుంది. 8 శాతం వడ్డీ వేసి చూస్తే అసలూ వడ్డీ సుమారు 13 ఏళ్ళ 4 నెలలకు తీరుతుంది. మధ్యలో పెన్షనరు చనిపోతే మిగతా బాకీని కుటుంబ పెన్షన్‌లోంచి కోయరు. ఆ నష్టం ప్రభుత్వానిది. కాబట్టి రెట్టింపు అన్న మాట నిలవదు. కానీ వడ్డీ రేట్లు తగ్గి, మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నప్పుడు 15 ఏళ్ళనే పట్టుకు కూర్చోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్న నిలుస్తుంది. లెక్క చూపించాల్సింది ప్రభుత్వం.

ఖర్చు వాదన కూడా కొట్టిపారేసేది కాదు. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం పెన్షన్లకు, సైన్యంతో కలిపి, సుమారు 2.77 లక్షల కోట్లు పెట్టింది. మరో పక్క నిరుపేద వృద్ధులకు కేంద్రం తన వాటాగా ఇచ్చేది, 80 ఏళ్ళ లోపువాళ్ళకు, నెలకు 200 రూపాయలు. దాదాపు ఇరవై ఏళ్ళుగా అంతే. అది మాత్రం నూటికి నూరుపాళ్ళూ దయే. ఉద్యోగుల పెన్షన్ హక్కని వాదించేవాళ్ళు ఈ 200 గురించి కూడా మాట్లాడాలి. లేకపోతే మనదీ ఒక గీతే అవుతుంది, మనం ఇవతల ఉన్నామంతే.

1972 దాకా వెనక్కి

ఇప్పుడు అసలు విషయం. 2006కి ముందు రిటైరైన ఉన్నతాధికారులు ఢిల్లీ హైకోర్టులో 2024 మార్చి 20న గెలిచారు. తర్వాత రిటైరైన తమ సమానులతో తేడా చూపకూడదని తీర్పు. అక్టోబరు 4న సుప్రీంకోర్టు కేంద్రం అప్పీలును తోసిపుచ్చింది. నకారా సూత్రం ఇంకా బతికే ఉందనిపించింది.

2025 మార్చిలో ఫైనాన్సు బిల్లుతో పాటు ఒక కొత్త భాగం పార్లమెంటులో పాసైంది. పెన్షనర్లను వర్గాలుగా విడదీసే అధికారం కేంద్రానికి ఉందనీ, రిటైరైన తేదీని బట్టి తేడా చూపవచ్చనీ, ఇది 1972 జూన్ 1 నుంచి అమల్లో ఉన్నట్టే లెక్క అనీ అందులో రాశారు. కోర్టు తీర్పులు ఏమన్నా సరే! నకారా తీర్పు వచ్చింది 1982లో. చట్టం దానికంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళి కూర్చుంది.

ఇప్పుడున్న పెన్షన్లలో మార్పేమీ లేదు, ఉన్న విధానాన్నే ధ్రువీకరిస్తున్నాం, సైనికులకు ఇది వర్తించదు అని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాజ్యసభలో చెప్పారు. ఏడో వేతన సంఘం పాతవాళ్ళకూ కొత్తవాళ్ళకూ సమానత్వం ఇచ్చిన మాటా నిజమే. కానీ మార్పేమీ లేనప్పుడు యాభై ఏళ్ళ వెనక్కి వెళ్ళే అధికారం ఎందుకు అవసరమైంది? హామీ మాటల్లో ఉంది, అధికారం చట్టంలో ఉంది.

అదే ఏడాది జనవరి 5న అమెరికా దీనికి ఎదురు దారిలో నడిచింది. వేరే ప్రభుత్వ పెన్షన్ వస్తోందన్న కారణంతో ఉపాధ్యాయులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వంటివాళ్ళ సోషల్ సెక్యూరిటీని కోసే నిబంధనలు అక్కడ 1977, 1983 నుంచి ఉండేవి. వాటిని రద్దు చేశారు. అక్కడా ఖర్చు వాదన గట్టిగానే వినిపించింది. అది తప్పో ఒప్పో గాని, తేల్చింది పార్లమెంటు వంటి సభలో, అదే విషయం మీద బిల్లు పెట్టి. మన దగ్గర బడ్జెట్ కాగితాల మధ్య పెట్టారు.

ఎనిమిదో వేతన సంఘాన్ని 2025 నవంబరులో వేశారు. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షురాలు. ఉద్యోగి వాటా లేని పెన్షన్ల భారాన్ని కూడా దృష్టిలో పెట్టుకోవాలని పరిశీలనాంశాల్లో రాశారు. సంఘం మళ్ళీ ఒక తేదీ చెప్పవచ్చు. ఆ తేదీకి ముందు రిటైరైనవాళ్ళను ఏం చేస్తారన్నదే ప్రశ్న.

చట్టం తీర్పు కింది నేలను తవ్వగలదు గాని 14వ అధికరణాన్ని తీసేయలేదు. ఈ కొత్త భాగాన్ని కూడా అదే కొలబద్దతో కొలవవలసి ఉంటుందని నా అభిప్రాయం. మయూర్ విహార్‌లో గాని, గుంటూరులో గాని, వరంగల్‌లో గాని పెన్షనర్ల సంఘాలు వినతిపత్రాలు రాసేటప్పుడు "దయచేసి" అన్న మాట తీసేసి ఒక్క వాక్యం రాస్తే చాలు. ఈ తేదీకి కారణం ఏమిటో, దానికి ఆధారమైన లెక్క ఏదో రాతపూర్వకంగా తెలపండి అని. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. రుసుము పది రూపాయలు.